రేపల్లె ఆవం నుంచి బాపట్ల దాకా ఒక పలక

తెనాలిలో రేపల్లె బండి ఎక్కే జనానికి ఎప్పుడూ కొదవలేదు. ధాన్యం బేరాలకి పోయేవాళ్ళు, పురుళ్ళకి పోయేవాళ్ళు, కోర్టు పనుల మీద వచ్చి తిరిగి పోయేవాళ్ళు. కుమ్మరి ఆవంలో కాలిన పలకల కోసం ఎక్కింది మా అత్తయ్యా నేనూ మాత్రమే అయి ఉంటాం. రాసుకో కీర్తనా. నేను దారి తప్పితే మళ్ళీ దారిలో పెట్టు. మధ్యలో కాఫీ అడిగితే అది మాత్రం రాయకు.

ఇది డెబ్బైల మొదట్లో మాట. మీ తాతయ్య బాపట్ల కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. పెళ్ళయి రెండేళ్ళు దాటింది, కాపురం మాత్రం లేదు. ఆయన అక్కడ ముగ్గురు లెక్చరర్లతో ఒక గదిలో, నేను తెనాలిలో అత్తగారింట్లో. నెలకో ఆదివారం వచ్చేవారు. వచ్చినా ఆరాధనకి గుడికి వెళ్ళి, అన్నం తిని, సాయంత్రం బండికి పోయేవారు. ఆయన వెళ్ళాక తువ్వాలు రెండు రోజులు ఉతకడానికి వేసేదాన్ని కాదు. అది రాశావా? సరే, ఉండనీ.

కాపురానికి అడ్డం ఎవరో కాదు, ఒక పలక. బడిపిల్లలు రాసుకునే పలక కాదు. మట్టిలో ఇనుప రజను కలిపి, అరచేయంత బిళ్ళ చేసి కాల్చిన పలక. ఆయన దగ్గర కంటికి కనపడని సన్నటి అలలు పుట్టించే పెట్టె ఒకటి ఉండేది. మైక్రోవేవులు అంటారు. ఇప్పుడు నువ్వు పాలు వేడి చేసుకునే పెట్టెలో ఉండేవి కూడా అవేనట. ఇనుప రేకు అడ్డం పెడితే ఆ అలల్ని అద్దంలా తిప్పికొడుతుంది. ఉత్త మట్టి బిళ్ళ పెడితే కిటికీలా వదిలేస్తుంది. తిప్పికొట్టకుండా, వదలకుండా, తనలోనే దాచుకుని వేడెక్కే పలక కావాలి ఆయనకి. ఆ వేడిని కూడా ఒకచోటే ఉంచుకుంటే పగిలిపోతుంది కాబట్టి, ఒళ్ళంతా పంచుకోవాలి. అందుకే మట్టికి ఇనుము తోడు.

"అలాంటి పలక ఒక్కటి తేలిందంటే థీసిస్ రాసేస్తానమ్మా. ఆ నెలలోనే ఇల్లు తీసుకుంటాను. ఇప్పుడే కాపురం పెడితే ఇది అటకెక్కుతుంది," అని వాళ్ళమ్మకి చెప్పేశారు. నేను తలుపు వెనక నుంచి విన్నాను. ఇల్లు కూడా చూసి పెట్టారట, గుడి వెనక వీధిలో రెండు గదుల పోర్షను. ఇంటావిడ క్రిస్మస్ లోపు ఏదో ఒకటి చెప్పమందట.

అదీ సంగతి. రేపల్లెలో పలకలు కాలాయని కబురొచ్చింది. ఆయనకి పరీక్షల డ్యూటీ, కదలడానికి లేదు. మా మామయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. "మనిద్దరం పోదాం పదవే," అంది అత్తయ్య. నేను అప్పటికే జడ వేసేసుకున్నాను.

రేపల్లె: మట్టికి టానిక్కు

డిసెంబరు నెల. వేమూరు దాటాక పొలాల్లో కుప్పలు వేసున్నాయి. బండి ఎక్కడ ఆగినా కొత్త గడ్డి వాసన. మా పెట్టెలో ఒకామె ఎండు రొయ్యల బుట్ట పెట్టుకుని కూర్చుంది. అత్తయ్య ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, పల్లికోన వచ్చేసరికి ఆ రొయ్యలే బేరం చేసి కొనేసింది. మా అత్తయ్య మార్తమ్మగారు అలాంటి మనిషి. బళ్ళో పిల్లలకి పాఠాలు చెప్పి చెప్పి, ఎవరితోనైనా గట్టిగా మాట్లాడటం అలవాటైపోయింది.

రేపల్లె స్టేషన్ దగ్గర హోటల్లో ఇడ్లీ పావలా. మా తెనాలిలో చట్నీ గిన్నె బల్ల మీదే పెట్టేవాళ్ళు, ఎంతైనా వేసుకోవచ్చు. ఇక్కడ గరిటెతో కొలిచి వేసి, మళ్ళీ అడిగితే మన మొహం కేసి చూస్తారు. అత్తయ్య మూడుసార్లు అడిగింది.

కుమ్మరి కోటయ్య ఇల్లు బియ్యం మిల్లుల వెనకాల. ఆ వీధంతా ఊక ఎగురుతూ ఉంటుంది, తలలోకి, కళ్ళలోకి. మీ తాతయ్య రేపల్లెని ఎంచుకున్నది ఆ ఊక కోసమే. మామూలు ఆవంలో పెడితే మట్టిలోని ఇనుము తుప్పయిపోతుందట. అందుకని పలకల్ని పెద్ద బానలో ఊక నింపి, అందులో పూడ్చి, మూత మీద మట్టి మెత్తి, ఆ బానని కాల్చాలి. గాలి తగలకుండా ఊక మాడుతుంది, ఇనుము ఇనుములాగే ఉంటుంది. ఇదంతా ఆయనా కోటయ్యా కలిసి, నాలుగైదు ఆవాలు పాడుచేసుకుని కుదుర్చుకున్న పద్ధతి.

"రండి పిన్నిగారూ, కూర్చోండి," అని కోటయ్య మంచం వాల్చాడు. "మీ అబ్బాయి గారి పుణ్యమా అని ఊళ్ళో నా పేరు మారిపోయిందండి. ఇనప కోటయ్య అంటున్నారు."

లోపల్నుంచి వాళ్ళావిడ అందుకుంది. "కడుపుతో ఉన్నోళ్ళకి ఆసుపత్రిలో ఇనుము టానిక్కు ఇస్తారు గానీ, మట్టికి ఇనుము పెట్టడం ఎక్కడన్నా ఉందాండీ? దీనికేమన్నా నెల తప్పిందా?"

"నెల తప్పిందో లేదో గానీ, దీనివల్ల నా కోడలికి మాత్రం తప్పటం లేదు," అంది అత్తయ్య.

నేను ఆవం వైపు తిరిగి నిలబడ్డాను. కోటయ్య భార్య నవ్వి నవ్వి దగ్గింది.

బాన పగలగొట్టాడు కోటయ్య. నల్లటి ఊక బూడిద గుప్పున లేచింది. ఒక్కొక్క పలకా తీసి వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. చాలా పలకలు దబ్ అన్నాయి. "పగుళ్ళమ్మా. వేడికి ఇనుము సాగుద్ది, మట్టి సాగదు. ఇద్దరికీ పొత్తు కుదరక చీలిపోతాయి." ఖంగుమన్నవి నాలుగే. బొగ్గులా నల్లగా, గోరువెచ్చగా ఉన్నాయి. ఒకటి నా చేతిలో పెట్టాడు. చిన్నదే గానీ బరువు. పక్కకి తిప్పి చూస్తే లోపలి ఇనుప రజను అక్కడక్కడా తళుక్కుమంది. ఇంత ముక్క కోసం రెండేళ్ళా అనుకున్నాను. కిందపెట్టడానికి మాత్రం చేతులు రాలేదు.

చెరుకుపల్లి: బొమ్మిడాయల పులుసు, గంజి కుండ

తాటాకు బుట్టలో ఊక పోసి, పలకలు సర్ది, బుట్ట ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. కండక్టరు ఒప్పుకోలేదు.

"ఏంటమ్మా అందులో, గుడ్లా?"

"పెంకులు బాబూ," అంది అత్తయ్య.

"పెంకులైతే టాపు మీద వెయ్యండి."

"నిన్నెక్కిస్తాను టాపు మీద! అది మా అబ్బాయి రీసెర్చి."

కండక్టరు కాసేపు ఆలోచించాడు. "రీసెర్చికి హాఫ్ టిక్కెట్టా, ఫుల్ టిక్కెట్టాండీ?"

బస్సంతా నవ్వింది. ముందు సీటులో ముసలాయన లేచి, "అమ్మాయ్, నువ్విక్కడ కూర్చో, వెనక కుదుపులెక్కువ," అని తన చోటు ఇచ్చాడు. అందులో ఏముందో ఆయన అడగలేదు. ఆ రోడ్డు మీద ఎద్దుబళ్ళ గాడి లోతుగా పడి ఉండేది. ప్రతి గోతికీ బుట్టకి కుదుపు తగలకుండా పైకి ఎత్తేదాన్ని. చెరుకుపల్లిలో దిగేసరికి చేతులు పైకి లేవలేదు.

ఆ రాత్రి మజిలీ అత్తయ్య పినతల్లి కూతురు సారమ్మగారింట్లో. కొత్త బియ్యం అన్నం, బొమ్మిడాయి చేపల పులుసు. మా తెనాలిలో పులుసు పొయ్యి మీంచి దించగానే తినేస్తాం. వీళ్ళు పొద్దున్న వండి రాత్రికి పెడతారు. ముక్కకి పులుపు పట్టాలంటే చల్లారాలి, ఓర్చుకోవాలి అంది సారమ్మగారు. ఓర్చుకోవడం గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు అనుకుంటూ మూడోసారి అన్నం పెట్టించుకున్నాను. తినేటప్పుడు ఇవతల పిల్లలు, అవతల మేం కూర్చుని ప్రార్థన చేశాం. అత్తయ్య పలకల కోసం కూడా గట్టిగా ప్రార్థించింది. పలకలకి ఆమెన్ చెప్పడం నాకదే మొదటిసారి.

తెల్లారి లేచి పెరట్లోకి వెళితే అత్తయ్య అరుగు మీద కూర్చుని పలకలు తుడుస్తోంది. పక్కన గంజి కుండ.

"ఏంటత్తయ్యా?"

"కొత్త మట్టిసామాను పదును పెట్టకుండా పంపుతామా? రాత్రి పడుకునే ముందే గంజిలో వేశాను. ఎంత తాగాయనుకున్నావు! బుడబుడా బుడగలు. పొద్దున్న మంచినీళ్ళతో కడిగాను. ఇక పగలవు."

మన ఇళ్ళలో కొత్త కుండగానీ, అటికగానీ, మూకుడుగానీ తెస్తే ముందు నానబెట్టి, గంజి కాచి, ఆ తర్వాతే పొయ్యెక్కిస్తాం. ఏ ఇల్లాలైనా చేసే పనే. నాకూ సబబే అనిపించింది. "నన్ను లేపకపోయారా?" అన్నాను అంతే. పైన తుడిచి, ఎండకి చీలిపోకుండా తడిగుడ్డలో చుట్టి, మళ్ళీ ఊకలో పెట్టాం. నల్లటి పలకలు కదా, తడో పొడో కంటికి తెలియదు.

బాపట్ల: ముల్లు పడిపోయింది

బాపట్లలో బస్సు దిగితే కాలు ఇసకలో దిగింది. మా తెనాలిలో నల్లమట్టి కాలికి అంటుకుని ఇంట్లోకి కూడా వస్తుంది. ఇక్కడ నేల దేన్నీ పట్టుకోదు, నీళ్ళు పోస్తే క్షణంలో మాయం. అంట్లు కూడా బూడిదతో కాదు, గుప్పెడు ఇసకతో తోముతారు. ఇత్తడి బిందెలు అద్దాల్లా ఉన్నాయి. నూతి నీళ్ళు కొబ్బరి నీళ్ళలా ఉన్నాయి. ఈ నీళ్ళతో పప్పు ఎంత తొందరగా ఉడుకుతుందో అనుకున్నాను. అప్పటికే ఆ ఊళ్ళో వంట మొదలెట్టేశాను.

మీ తాతయ్య కాలేజీ గేటు దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను చూసి నవ్వబోయి, వాళ్ళమ్మ ఉందని గుర్తొచ్చి, బుట్ట కేసి చూసి నవ్వారు.

లాబు అంటే నేనేదో పెద్ద మిషను ఊహించుకున్నాను. పొడుగాటి బల్ల, దాని మీద ఇత్తడి గొట్టాలు, ఎదురెదురుగా రెండు గరాటాలు. ఒక గరాటాలోంచి అలలు వస్తాయి, ఎదుటి గరాటా అందుకుంటుంది. ఎన్ని అందాయో గడియారం లాంటి దాని మీద ముల్లు చెబుతుంది. తిప్పికొట్టినవెన్నో చెప్పడానికి ఇంకో ముల్లు.

"చల్లగా ఉందే," అన్నారు పలక పట్టుకుని.

"చలికాలం కాదట్రా," అంది అత్తయ్య.

పలకని గరాటాల మధ్య నిలబెట్టారు. ముల్లు పడిపోయింది. కొట్టినట్టు, ఒక్కసారిగా. ఆయన రెండో ముల్లు చూశారు. అదీ పెద్దగా లేవలేదు. పలక తీశారు, ముల్లు లేచింది. పెట్టారు, పడిపోయింది. రెండో పలక పెట్టారు, అదీ అంతే.

"మింగేస్తోందమ్మా! అటూ వదలటం లేదు, ఇటూ వదలటం లేదు!" అని అరిచారు. తర్వాత, వాళ్ళమ్మ ముందే, నా చెయ్యి పట్టుకున్నారు. అత్తయ్య గోడ మీది పటాలు చూస్తూ నిలబడింది. ఆ గోడ మీద పటాలు లేవు కీర్తనా, ఉత్త గోడ.

అటునుంచి అటే పోర్షను చూడ్డానికి పోయాం. ఇంటావిడ రత్నమ్మగారు తాళం తీసి, మధ్యాహ్నం భోజనం కూడా అక్కడికే పంపించింది. ముందు గది, వెనక వంటగది. వంటగదికి తూర్పున చిన్న కిటికీ, దాని కింద పొయ్యి గట్టు. కిటికీలోంచి నూతి గిలక, దానిమ్మ చెట్టు కనపడుతున్నాయి. గట్టు నా నడుముకి సరిగ్గా సరిపోయింది. ఉప్పు జాడీ ఎక్కడ పెట్టాలో, పోపుల డబ్బా ఎక్కడ పెట్టాలో చేత్తోనే చూపించుకున్నాను. "అద్దె కుదిరాక చూపించుకుందువుగాని, ముందు అన్నం తిను," అన్నారు మీ తాతయ్య. ఆయన అలా నాతో వేళాకోళం ఆడటం అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

చాప మీద ముగ్గురం కూర్చున్నాం. గోంగూర పప్పు, వంకాయ కూర. ఆయన ఆపకుండా మాట్లాడుతున్నారు. "కోటయ్య చేతిలో ఏదో ఉందమ్మా. కిందటి సారి పలకలు సగం కూడా పట్టలేదు. అదే మట్టి, అదే రజను, అదే ఊక. ఈసారి ఎలా వచ్చిందో!"

"కోటయ్యదేముందిరా," అంది అత్తయ్య, పప్పులో నెయ్యి వేసుకుంటూ. "పదును పెట్టిందెవరు? రాత్రంతా గంజిలో నానబెట్టాను."

ఆయన చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

"నానబెట్టావా?"

"మరి? తడిగుడ్డ కూడా చుట్టాం."

ఆయన ముద్ద కంచంలో పెట్టేశారు. కోపం లేదు. లెక్క తప్పు దొరికిన పిల్లాడి మొహం. "అమ్మా, ఈ అలల్ని అన్నిటికంటే బాగా పట్టుకునేది నీళ్ళే. పలక మింగలేదు. పలక తాగిన నీళ్ళు మింగాయి."

ఆయన లేచారు. చేయి కడుక్కుని, రత్నమ్మగారి కుంపటి అడిగి తెచ్చి, పలకల్ని దాని మీద పెట్టారు. కాసేపటికి సన్నగా ఆవిరి లేచింది. వేడెక్కిన గంజి వాసన గదంతా పట్టింది. ఆ కొత్త వంటగదిలో మొదట కాగింది అదే.

ఆవిరి ఆగాక పలకల్ని గుడ్డలో పట్టుకుని లాబుకి వెళ్ళారు. మేం పోర్షనులోనే ఉన్నాం. "ఎండినా అలాగే ఉండొచ్చు కదే?" అంది అత్తయ్య. "ఉండొచ్చత్తయ్యా," అన్నాను. నేను గట్టు తుడిచాను. తుడిచిందే మళ్ళీ తుడిచాను. కిటికీలోంచి ఎండ గట్టు మీంచి గోడ మీదికి, గోడ మీంచి దూలం మీదికి పోయింది.

వచ్చారు. గడప అవతలే నిలబడ్డారు. చెప్పులు విప్పలేదు.

"ముల్లు లేచింది," అన్నారు.

తర్వాత ఆయనే సర్దుకుని, "నీ తప్పేం లేదమ్మా. రాగానే తూకం వేసి, తడి ఉందేమో చూసుకోవాల్సింది నేను. ఆత్రంలో మర్చిపోయాను. ఇనుము పాళ్ళు మార్చి మళ్ళీ ఆవం వేయించాలి," అన్నారు. మళ్ళీ అంటే ఎప్పటికని నేనడగలేదు. రత్నమ్మగారికి తాళంచెవి ఇచ్చేశాను. నా చేత్తోనే ఇచ్చాను.

తిరుగు బండి

పొద్దున్నే బండి. మంచులో పట్టాలు కూడా సరిగ్గా కనపడటం లేదు. మీ తాతయ్య పరుగులాంటి నడకతో వచ్చారు. మెడలో ఉండాల్సిన మఫ్లరు చేతిలో చుట్టచుట్టి ఉంది. కిటికీలోంచి నా ఒళ్ళో పెట్టారు. వేడి.

"పొద్దున్న దీన్ని పొయ్యి మీద పెట్టి చూశాను సుగుణా. అలల సంగతి తేలలేదు గానీ, వేడి సంగతి మాత్రం బాగుంది. ఒక మూల కాలిస్తే పలకంతా సమంగా వెచ్చబడుతోంది. ఎక్కడా చీలలేదు. థీసిస్‌లో ఆ సగం రాసుకోవచ్చు." మఫ్లరు అంచు సర్ది, "చలికి ఒళ్ళో పెట్టుకో," అన్నారు.

ఇంకేదో అనబోయారు. బండి కూత వేసింది. ప్లాట్‌ఫారం చివర దాకా పక్కనే నడిచారు. మఫ్లరు లేని మెడ చాలాసేపు కనపడింది.

అప్పికట్ల దాకా పలక మఫ్లరు లోంచి కాలుతోంది. ఎదురు సీటులో పొగాకు బేరగాడు ఒకాయన వేరుశనక్కాయలు ఒలిచి మాకూ పెట్టాడు. అత్తయ్య తీసుకుంది గానీ తినలేదు, గుప్పెట్లోనే ఉంచుకుంది. ఎక్కడికెళ్ళినా నాలుగు పెట్టెలకి వినపడేలా మాట్లాడే మనిషి, ఆవేళ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నిడుబ్రోలులో టీ అమ్మేవాడు అరిచి అరిచి పోయాడు, పిలవలేదు. పలక అప్పటికి గోరువెచ్చగా ఉంది. నేను రెండు చేతులూ మఫ్లరు లోపల పెట్టుకున్నాను. వేడి పలకదో, నా చేతులదో తెలియని చోటు ఒకటి వస్తుంది చూడు, చుండూరు దగ్గర అది వచ్చింది. తర్వాత అదీ పోయింది.

తెనాలి ఇళ్ళు కనపడుతుండగా అత్తయ్య నా వైపు తిరిగింది. బాపట్ల వదిలాక మాట్లాడటం అదే మొదటిసారి.

"ఇంకా వెచ్చగా ఉందా అమ్మాయ్?"

పలక రాయిలా చల్లబడిపోయింది.

"ఉందత్తయ్యా," అన్నాను.

ఆవిడ వేరుశనక్కాయలు కొంగులో ముడేసుకుని, చెయ్యి చాపి మఫ్లరు కిందకి పోనిచ్చింది. నా వేళ్ళ పక్కనే పలక మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది. బండి స్టేషన్లో ఆగి, జనం దిగటం మొదలుపెట్టేదాకా తియ్యలేదు.

"అవునే," అంది. "వెచ్చగానే ఉంది."